బియ్యంలో ముక్కుపురుగు, పెసలలో పుచ్చు, రవ్వలో గూడు: గుర్తును బట్టి కారణం, కారణాన్ని బట్టి పరిష్కారం

వేసవిలో కొని నిల్వ చేసుకున్న బియ్యం, పప్పులు, కారం, చింతపండు వానలు మొదలైన కొద్ది వారాలకే పాడవుతున్నాయని చాలా ఇళ్ళలో బాధపడుతుంటారు. ఏ పురుగు కనబడినా సాధారణంగా చేసే వైద్యం ఒకటే: ఎండలో పోయడం, నాలుగు వేపాకులు వేయడం, మూత బిగించడం. అయితే బియ్యాన్ని తొలిచే పురుగు వేరు, పెసలను తొలిచేది వేరు, రవ్వలో గూడు కట్టేది వేరు కాబట్టి, ఒక సరుకును కాపాడే ఉపాయమే మరొక సరుకును చెడగొట్టవచ్చు. అందుకే ముందు డబ్బాలో కనబడుతున్న గుర్తును గమనించి, ఆ తరువాతే పరిష్కారానికి పూనుకోవాలి.

బియ్యంలో ముక్కు ఉన్న నల్లని పురుగులు తిరుగుతున్నాయి, గింజలకు చిల్లులు పడ్డాయి

ఇది ముక్కుపురుగు. మూడు మిల్లీమీటర్ల పొడవు కూడా ఉండీ ఉండని ఈ పురుగు తన సన్నని ముక్కుతో గింజకు చిన్న రంధ్రం చేసి, అందులో ఒక గుడ్డు పెట్టి, పైన జిగురులాంటి పదార్థంతో మూసేస్తుంది. గుడ్డు పిల్లపురుగుగా మారడం, గింజను లోపలి నుంచి తినడం, పెద్దదై చిల్లు చేసుకుని బయటకు రావడం, ఇదంతా మన వాతావరణంలో సుమారు ఒక నెలలో పూర్తవుతుంది. కొన్నప్పుడు శుభ్రంగా ఉన్న బస్తాలో, మూత తీయకపోయినా, నెల తిరిగేసరికి పురుగులు కనబడడానికి కారణం ఇదే. అవి బయటి నుంచి రాలేదు, మిల్లులోనో దుకాణంలోనో గింజలోకి చేరిన గుడ్లే పెరిగి పెద్దవయ్యాయి.

జల్లెడ పడితే పైన తిరిగే పురుగులు, నుసి మాత్రమే పోతాయి, గింజ లోపలివి అలాగే ఉంటాయి. కాబట్టి ఒకసారి జల్లించి ఊరుకోకుండా, రెండు మూడు వారాల వ్యవధితో మళ్ళీ జల్లించాలి. ఐదారు కిలోల లోపు బియ్యమైతే గాలి చొరని సంచిలో కట్టి, మైనస్ 18 డిగ్రీల ఫ్రీజరులో నాలుగు రోజులు ఉంచడం అన్నిటికన్నా నమ్మకమైన మార్గం, ఎందుకంటే గుడ్లతో సహా అన్ని దశలూ ఆ చలికి చనిపోతాయి. బయటకు తీసిన వెంటనే సంచి విప్పితే గాలిలోని తేమ చల్లని గింజల మీద నీరుగా పట్టుకుంటుంది కనుక, పూర్తిగా గది వేడికి వచ్చాకే విప్పాలి. విదేశాలలో భారతీయ సరుకుల దుకాణం నుంచి బియ్యం, రవ్వ తెచ్చుకునేవారు, ఫ్రీజరులో చోటుంటే, తెచ్చిన రోజునే ఈ పని చేయడం మంచిది.

ఇరవై ఐదు కిలోల బస్తా ఫ్రీజరులో పట్టదు. అప్పుడు బియ్యాన్ని గాలి తగిలే చోట, నీడలో, దుప్పటి మీద పలుచగా పరిస్తే పురుగులు వెలుతురు నుంచి తప్పించుకోవడానికి అంచులకు, దుప్పటి మడతల్లోకి పోతాయి, వాటిని అక్కడ తుడిచి వేయవచ్చు. మండుటెండలో మాత్రం బియ్యం పోయకూడదు. ఎండకు గింజ పైపొర లోపలి భాగం కన్నా త్వరగా ఆరిపోయి సన్నని పగుళ్ళు ఏర్పడతాయి. అటువంటి బియ్యం చెరిగినప్పుడు నూక అవుతుంది, వండితే మెతుకు విరిగిపోతుంది. ఇంతేకాక నూక ఎక్కువైన బియ్యం పిండి పురుగులకు మరింత అనుకూలం.

శుభ్రం చేసిన బియ్యాన్ని పొడిగా ఉన్న డ్రమ్ములో నిండుగా నింపి గట్టిగా మూయాలి. డ్రమ్ము నిండుగా ఉండి గాలి చొరబడకపోతే, లోపల మిగిలిన పురుగులు ఉన్న కొద్ది ప్రాణవాయువునూ వాడేసుకుని చనిపోతాయి. పూర్వం ధాన్యాన్ని పాతర్లలో పోసి పైన మట్టితో మూసేయడంలో ఉన్న సూత్రం కూడా ఇదే. సగం ఖాళీగా ఉన్న డ్రమ్ముకు ఈ మేలు దక్కదు కనుక, బియ్యం తగ్గుతున్న కొద్దీ చిన్న డబ్బాలోకి మార్చుకోవాలి. దంపుడు బియ్యం విషయం వేరు. తవుడులోని నూనె వల్ల అవి త్వరగా ముక్కిపోతాయి కాబట్టి నెలకు సరిపడా మాత్రమే కొని, వీలైతే ఫ్రిజ్‌లో ఉంచుకోవాలి.

వేపాకు, ఎండుమిర్చి, లవంగాలు వేయడం తప్పు కాదు, అవి కొంతవరకు పురుగును దగ్గరకు రానీయవు, కానీ గింజలో ఉన్నదాన్ని చంపవు. వేపాకు వేసేటట్లయితే గలగలలాడేలా ఎండినదే వేయాలి, పచ్చి ఆకు వేస్తే దాని తేమంతా బియ్యానికి చేరుతుంది.

బియ్యంలో మందు కలిపినా పురుగు పోవడం లేదు

ఈ ప్రశ్న వచ్చిన ప్రతి ఇంటికీ ముందు చెప్పవలసింది, ఆ మందు కలపడం మానండి అని. బోరిక్ పౌడరు తినే సరుకులో కలపదగిన పదార్థం కాదు, కడిగితే అంతా పోతుందని నమ్మడానికి వీలు లేదు, ముఖ్యంగా చిన్నపిల్లలు తినే అన్నం విషయంలో. పాదరసం మాత్రలను కూడా ధాన్యంలో పెట్టకూడదు. ఇక గిడ్డంగులలో వాడే అల్యూమినియం ఫాస్ఫైడ్ బిళ్ళలను ఇంట్లోకి తేనే కూడదు. గాలిలోని తేమ తగలగానే వాటి నుంచి ఫాస్ఫీన్ వాయువు వెలువడుతుంది. తలుపులు మూసిన ఇంట్లో అది నిద్రిస్తున్నవారి ప్రాణం తీయగలదు, దానికి విరుగుడు మందు లేదు. బియ్యం పోతే మళ్ళీ కొనుక్కోవచ్చు.

పెసలు, అలసందలు, శనగల మీద తెల్లని చుక్కలు, గుండ్రని చిల్లులు ఉన్నాయి

ఒక పెసర గింజను అరచేతిలో వేసుకుని వెలుతురులో చూడండి. గింజకు అతుక్కుని ఆవగింజలో పదో వంతు కూడా లేని తెల్లని చుక్క కనబడితే అది పుచ్చుపురుగు గుడ్డు. గోటితో గీరినా అంత తేలికగా రాదు. పిల్లపురుగు ఆ గుడ్డు అడుగు నుంచే నేరుగా గింజలోకి దిగుతుంది కాబట్టి బయటికి ఏ చిల్లూ కనబడదు. మూడు నాలుగు వారాల తరువాత పెద్దపురుగు గుండ్రని కిటికీలా కోసుకుని బయటపడినప్పుడే మనకు తెలుస్తుంది. ఈ పురుగు చేనులో కాయ మీదనే గుడ్లు పెట్టగలదు, కాబట్టి రైతు దగ్గర నేరుగా కొన్న కొత్త గింజలలోనూ ఉండవచ్చు.

పిడికెడు గింజలను నీళ్ళలో వేస్తే బాగా పుచ్చినవి తేలతాయి. ఎక్కువ భాగం తేలితే ఆ సరుకును వదులుకోవడమే మేలు. కొద్దిగానే ఉంటే ఏరివేసి, మిగిలిన పొడి గింజలను ఎండబెట్టాలి. బియ్యానికి చెరుపు చేసిన ఎండ అపరాలకు, అంటే పప్పు గింజలకు, మేలు చేస్తుంది. నల్లని పట్టా మీద గింజలను పలుచగా పోసి, పైన పారదర్శకమైన పాలిథీన్ కప్పి అంచులకు బరువు పెడితే వేసవి మధ్యాహ్నం లోపలి వేడి 60 డిగ్రీల వరకు చేరుతుంది, ఆ వేడిలో కొన్ని గంటలుంటే గింజలోని పురుగు కూడా చనిపోతుంది. వేడి గింజలను వెంటనే డబ్బాలో పోస్తే మూత కింద చెమ్మ పడుతుంది, రాత్రంతా నీడలో చల్లారనిచ్చి పోయాలి.

ఆ తరువాత కిలో గింజలకు ఒక చిన్న చెంచాడు, అంటే సుమారు 5 మిల్లీలీటర్ల వంటనూనె గాని ఆముదం గాని వేసి, ప్రతి గింజకూ అంటేలా రెండు చేతులతో రుద్దాలి. నూనె పట్టిన గింజ మీద గుడ్డు సరిగా నిలవదు, నిలిచినదానికి గాలి అందదు. కందిపప్పుకు ఆముదం పట్టించడం తెలుగు ఇళ్ళలో ఎప్పటినుంచో ఉన్న పద్ధతి, దాన్ని వదులుకోవలసిన అవసరం ఏమీ లేదు. వండే ముందు రెండు మూడుసార్లు కడిగితే చాలు. ఏడాదికి సరిపడా కొనేవారు గింజలను పప్పుగా విరగ్గొట్టించి పెట్టుకోవడం కూడా ఒక రక్షణే, ఎందుకంటే పప్పులో పుచ్చుపురుగు అంతగా వృద్ధి చెందదు.

రవ్వ ఉండలు కట్టి దారాలతో అల్లుకుంది, లేదా గోధుమపిండిలో ఎర్రని పురుగులున్నాయి

ఇవి రెండు వేరు వేరు సమస్యలు. దారాలు, గూళ్ళు కనబడితే అది చిలక జాతి పురుగు, అంటే సీతాకోకచిలుకను పోలిన చిన్న రెక్కల పురుగు. దాని గొంగళిపురుగు రవ్వను దారాలతో అల్లుకుని లోపల ఉండి తింటుంది, తరువాత డబ్బా వదిలి మూత మరల సందుల్లో, అలమర మూలల్లో గూడు కట్టుకుంటుంది. కాబట్టి రవ్వను పారేసి డబ్బా మాత్రమే కడిగితే పని పూర్తికాదు, మూత మరలను పాత టూత్‌బ్రష్‌తో తోమి, అలమరలో పరిచిన కాగితం తీసి కింద కూడా తుడవాలి.

ఎర్రని చిన్న పురుగులైతే, చాలామంది లక్కపురుగులనేవి, పిండిని వాసన చూడండి. ఇవి ఎక్కువైనప్పుడు వెలువరించే పదార్థం వల్ల పిండికి ఘాటైన వాసన, లేత గులాబీ ఛాయ వస్తాయి. ఆ స్థితిలో జల్లించి వాడే ప్రయత్నం చేయకుండా పారేయాలి. అంత దూరం రాకుండా ఉండాలంటే, పిండిమరలో పట్టించిన పిండిని వేడి మీద డబ్బాకెత్తకుండా పలుచగా పరచి చల్లార్చాలి, పాత పిండి అడుగున ఉండగా పైన కొత్తది పోయకూడదు. రవ్వను పచ్చివాసన పోయేవరకు వేయించి, పూర్తిగా చల్లారాక సీసాలో పోస్తే గుడ్లు చనిపోతాయి, ఉప్మా పని కూడా సగం అయిపోతుంది.

కారం గడ్డకట్టి రంగు పోతోంది, చింతపండు నల్లబడుతోంది

కారానికి వెలుతురు, తేమ రెండూ శత్రువులే. పొయ్యి పక్కన గాజు సీసాలో పెట్టిన కారం రంగు ముందుగా పోతుంది. వాడుకకు చిన్న డబ్బా, నిల్వకు చీకట్లో మూత బిగించిన జాడీ వేరుగా ఉంచాలి. చింతపండులో గింజ, పీచు మిగలకుండా తీసి, ఎండబెట్టి, రాళ్ళ ఉప్పు పొరలుగా చల్లి జాడీలో అదిమి పెట్టాలి. గింజలతోనే ఉంచితే పురుగు పట్టే అవకాశం ఎక్కువ. నల్లబడడం గాలి, వేడి వల్ల జరిగే మార్పు, బూజు గాని చెడు వాసన గాని లేకపోతే వాడుకోవచ్చు.

వేరుశనగ గుళ్ళు ముక్కవాసన వేస్తున్నాయి, కొన్నిటిపై ఆకుపచ్చని బూజు ఉంది

దీనికి పరిష్కారం లేదు, పారేయాలి. తేమ తగిలిన గుళ్ళపై పెరిగే కొన్ని బూజులు అఫ్లాటాక్సిన్ అనే విషాన్ని తయారు చేస్తాయి. అది కాలేయానికి హాని చేస్తుంది, వేయించినా ఉడికించినా పూర్తిగా నశించదు. బూజు పట్టినవి ఏరేసి మిగతావి పచ్చడికి వాడడం కూడా సరికాదు. ముడతలు పడిన, రంగు మారిన గుళ్ళను కొనేటప్పుడే వదిలేసి, నిల్వకు వీలైనంత వరకు కాయలనే ఎంచుకుని, అవసరమైనప్పుడు ఒలుచుకోవాలి.

అన్నీ శుభ్రం చేసినా నెలలోపే పురుగులు మళ్ళీ కనబడుతున్నాయి

అంటే పుట్టుక వేరే చోట ఉంది. అలమర వెనుక పడిన సగం ప్యాకెట్టు, పక్షులకు వేసే గింజల సంచి, నోము కోసం తీసిపెట్టి మరచిన శనగలు, పూజగదిలో కలశం కింది బియ్యం, అక్షతల గిన్నె వంటివన్నీ వెతకండి. కలశం బియ్యాన్ని పూజ పూర్తయిన వెంటనే వండుకోవాలి. డబ్బాలను గోడకు ఆనించకుండా, నేల మీద కాకుండా పీట మీద ఉంచి, గోడ పగుళ్ళను సిమెంటుతో పూడ్చాలి. డబ్బాలను కడిగిన రోజున ఎండలో బోర్లించి, లోపలి అంచు వేలికి పొడిగా తగిలాకే కొత్త సరుకు పోసి, మూత మీద కొన్న తేదీ రాసిన చీటీ అతికించండి.