అటక మీది వీసీఆర్‌ని మళ్లీ ఆడించడం ఎలా?

బెజవాడలో 1990ల్లో పెళ్లి జరిగిన ఇళ్లలో బీరువా అడుగునో, అటక మీదో రెండు మూడు వీడియో క్యాసెట్లు ఇంకా దొరుకుతాయి. జీలకర్ర బెల్లం ఒకదాంట్లో, అప్పగింతలు మరోదాంట్లో. 1992 కృష్ణా పుష్కరాలు తీయించుకున్నవాళ్లూ ఉన్నారు. అవి ఆడాలంటే డెక్కు, అంటే వీసీఆర్ కావాలి. జపాన్‌కు చెందిన ఫునాయ్ కంపెనీ 2016 జులైలో వీసీఆర్ల తయారీ ఆపేసింది. ఇక దొరికేవన్నీ సెకండ్‌హ్యాండే. కాబట్టి ఇంట్లో ఉన్న డెక్కును పాతసామాన్లవాడికి వేసే ముందు ఒకసారి ఆగండి.

ఈ పనిలో నేను గట్టిగా పట్టుకోమనేది ఒక్కటే: పోయినా ఫర్వాలేదనుకున్న క్యాసెట్టు ముందు, పెళ్లి క్యాసెట్టు అన్నిటికన్నా చివర.

క్యాసెట్టు ఏ రకమో చూడండి

పుస్తకమంత పెద్దది వీహెచ్‌ఎస్. హ్యాండీక్యామ్‌లో వేసే చిన్నవాటిలో వీహెచ్‌ఎస్-సీ అయితే అడాప్టరులో పెట్టి మామూలు డెక్కులోనే ఆడించొచ్చు. వీడియో8, హై8, మినీడీవీలకు ఆ దారి లేదు, వాటిని ఆడించే కెమెరానే వెతకాలి. 'ఎయిట్ ఎంఎంకి (వీడియో8, హై8 అదే రకం) కూడా అడాప్టర్ ఉంది' అని ఎవరైనా అమ్మజూపితే డబ్బు తీయకండి.

అమెరికాలో ఉన్న అన్నయ్యో, చిన్నాన్నో అప్పట్లో పంపిన క్యాసెట్టు అయితే అది ఎన్‌టీఎస్‌సీ, అంటే అక్కడి టీవీ పద్ధతి. మనది పాల్. పాల్ ఒక్కటే తెలిసిన డెక్కులో అది సరిగా ఆడదు, మల్టీ సిస్టమ్ డెక్కు కావాలి. డెక్కే అక్కడి నుంచి తెచ్చి ఉంటే వెనకాల ఎన్ని వోల్టులని రాసుందో చూడండి. 120 అని మాత్రమే ఉంటే మన 230 వోల్టుల ప్లగ్గులో నేరుగా పెట్టిన క్షణానే పని అయిపోతుంది. స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ ఉండాల్సిందే.

క్యాసెట్టు కిటికీలోంచి లైటు వేసి రీలు చుట్ట పక్కలు చూడండి. తెల్లగా పొడిలాగానో, సాలెగూడు పోగుల్లాగానో ఉంటే బూజు. ఏటి పక్క ఊరు మనది, గాల్లో తేమకు కొదవలేదు. బూజు పట్టినదాన్ని డెక్కులో పెట్టారంటే అది బొమ్మను చదివే హెడ్‌కు అంటుకుని, తర్వాత పెట్టిన మంచి క్యాసెట్లకీ పాకుతుంది. విడిగా కవర్లో పెట్టి, ఈ పని తెలిసినవాళ్లకు ఇవ్వండి. 2024 సెప్టెంబరులో బుడమేరు నీళ్లలో మునిగిన క్యాసెట్లదీ అదే దారి. ఎండలో పెట్టి ఆరబెట్టడం, హెయిర్ డ్రయ్యర్ కొట్టడం రెండూ వద్దు. రీలు వంకర్లు పోతుంది.

బాగున్న క్యాసెట్టుకు వెనక అంచున, ఎడమ వైపు చిన్న ప్లాస్టిక్ రెక్క ఉంటుంది. అది విరగ్గొట్టి ఉంటే దానిమీద రికార్డు కాదు. ఉంటే ఇప్పుడే విరగ్గొట్టండి. పొరపాటున రికార్డు బటన్ నొక్కితే తలంబ్రాల మీద టీవీ వార్తలు ఎక్కుతాయి. మీ దగ్గరున్నది వీసీపీ అయితే ఈ బెంగ లేదు, అది ఆడించడమే తప్ప రికార్డు చేయదు.

డెక్కును లేపడం

ఓపిక ఎక్కువ పెట్టాల్సింది ఇక్కడే. ప్లగ్గు తీసేసి కొంతసేపు ఆగి పైమూత విప్పండి. పవర్ సప్లయ్ ఉన్న మూలను ముట్టుకోకండి, ప్లగ్గు తీసినా కెపాసిటర్లలో కరెంటు నిలవ ఉంటుంది. మెత్తటి బ్రష్‌తో దుమ్ము దులపండి.

మధ్యలో కొంచెం వాలుగా, వెండిలా మెరుస్తూ కనిపించేది డ్రమ్ము. మన పాల్ డెక్కుల్లో అది సెకనుకు 25 సార్లు తిరుగుతుంది. దాని అంచులో ఆవగింజలో సగం కూడా లేని హెడ్లు ఉంటాయి. బొమ్మంతా చదివేది అవే. పాత రీలు నుంచి రాలిన గోధుమరంగు పొడి వాటిమీద పేరుకుంటే తెరంతా చుక్కలే.

దాన్ని తుడవడానికి 99 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్ తెచ్చుకోండి. గవర్నర్‌పేట ఎలక్ట్రానిక్స్ దుకాణాల్లో అడిగి చూడండి. శానిటైజరు పనికిరాదు. దూది పుల్లలు అసలే వద్దు, ఒక్క పోగు హెడ్‌కు చిక్కుకున్నా కష్టమే. మామూలు తెల్లకాగితాన్ని రెండు వేళ్ల వెడల్పున కత్తిరించి, ఆల్కహాల్‌తో తడిపి, డ్రమ్ముకు ఆనించి కదపకుండా పట్టుకోండి. రెండో చేత్తో డ్రమ్ము పైభాగాన్ని మెల్లగా తిప్పండి. కాగితం మీద గోధుమరంగు గీత పడుతుంది. కొత్త కాగితం తీసుకుని, గీత పడనంతవరకూ ఇదే చేయండి. పైకీ కిందకీ మాత్రం రుద్దకండి, హెడ్ విరుగుతుంది. అప్పట్లో కొందరు మెకానిక్కులు కొత్త రూపాయి నోటుతో ఈ పని కానిచ్చేవారు. నోటుకన్నా కాగితమే నయం. రీలును లాగే నల్ల రబ్బరు రోలరుకు తడిగుడ్డ చాలు.

బాగా ఆరాక పనికిరాని క్యాసెట్టు ఒకటి వేయండి. లోపల గిర్రుమన్న శబ్దం వచ్చి, రీలు తిరగకపోతే బెల్టో, ఐడ్లర్ టైరో (రీలు చక్రాలను తిప్పే చిన్న రబ్బరు చక్రం) జారుతున్నట్టు. అది మార్పించాలి. రీలును నమిలితే వెంటనే ఆపి, కత్తిరించకుండా నిదానంగా బయటికి తీయండి. ఆ క్యాసెట్టు అరగంట సాఫీగా ఆడితేనే తర్వాతదానికి వెళ్లండి.

పెళ్లి క్యాసెట్టును వేయగానే ప్లే నొక్కొద్దు. ఏళ్ల తరబడి ఒకే బిగువులో ఉన్న రీలు అది. చివరిదాకా ఫార్వర్డ్ చేసి, మళ్లీ మొదటికి తిప్పండి. రోహిణి కార్తె మధ్యాహ్నం ఈ పనికి కూర్చోకండి. ఏసీ గదిలోంచి చెమ్మ గాలిలోకి తెచ్చిన డెక్కును గంటో రెండు గంటలో వదిలేయండి, డ్రమ్ము మీద పట్టిన తేమకు రీలు అంటుకుంటుంది.

కొత్త టీవీకి, కంప్యూటర్‌కి

టీవీకి పసుపు, తెలుపు, ఎరుపు పిన్నుల ఏవీ సాకెట్లు ఉంటే నేరుగా కలపండి. లేకపోతే ఏవీ నుంచి హెచ్‌డీఎంఐకి మార్చే డబ్బా కొనాలి. దాని తోబుట్టువు ఒకటుంది, హెచ్‌డీఎంఐ నుంచి ఏవీకి మార్చేది. రెండూ చూడ్డానికి ఒకేలా ఉంటాయి, ఒకటి మరోదాని పని చేయదు. కొట్టువాడు ఇచ్చింది జేబులో వేసుకునే ముందు మీద రాసింది చదవండి. బొమ్మ కింద గీతలు పాకుతుంటే డెక్కు మీది ట్రాకింగ్ మీటను అటూ ఇటూ తిప్పండి.

కంప్యూటర్‌లోకి ఎక్కించడానికి యూఎస్‌బీ క్యాప్చర్ పరికరం, ఓబీఎస్ స్టూడియో అనే ఉచిత సాఫ్ట్‌వేర్ చాలు. పరికరం సెట్టింగ్‌లో పాల్, 720×576 పెట్టండి. కాన్వాస్ 768×576, ఫ్రేమ్ రేటు 50 ఉంచితే మనుషులు సాగిపోకుండా ఉంటారు. కదిలిన చోటల్లా దువ్వెన పళ్లలాంటి గీతలు వస్తే డీఇంటర్‌లేసింగ్‌లో యాడిఫ్ 2ఎక్స్ ఎంచుకోండి. బిట్‌రేటు సెకనుకు 8,000 కిలోబిట్లు పెడితే గంటకు సుమారు 3.6 జీబీ అవుతుంది. ఎంకేవీ ఫైలుగా రికార్డు చేయండి, మధ్యలో కరెంటు పోయినా అంతవరకూ ఎక్కింది దక్కుతుంది. ముందు ఐదు నిమిషాలు ఎక్కించి, మాట, పెదవి కదలిక కలుస్తున్నాయో లేదో చూసుకోండి.

మినీడీవీ కథ వేరు. అందులో ఉన్నదే డిజిటల్. ఫైర్‌వైర్ పోర్టు (కెమెరాను కంప్యూటర్‌కు కలిపే పాతకాలపు సాకెట్) ఉన్న పాత డెస్క్‌టాప్ సంపాదిస్తే ఉన్నది ఉన్నట్టు దిగుతుంది, గంటకు 13 జీబీ. కెమెరా బ్యాటరీ చచ్చి ఉన్నా అడాప్టరుతో నడుస్తుంది.

ఏఐతో బొమ్మను మెరిపిస్తామని చెప్పే యాప్‌లు నాకు నచ్చవు. నానమ్మ ముక్కు తీరే మారిపోతుంది. కావాలంటే కాపీ మీద ఆడుకోండి, అసలు ఫైలును ముట్టుకోకండి. దాన్ని రెండు వేర్వేరు డిస్కుల్లో, వీలైతే రెండు ఊళ్లలో ఉంచండి. గుంటూరులో ఆడపడుచు ఉంటే ఒకటి ఆవిడ దగ్గర పెట్టండి.

కంప్యూటర్‌లోకి ఎక్కాక కూడా క్యాసెట్లు పారేయొద్దు. మొదటికి తిప్పి, పుస్తకాల్లా నిలువుగా, స్లాబు వేడి తగలని అరలో పెట్టండి. డెక్కును రెండు మూడు నెలలకోసారి ఆ పనికిరాని క్యాసెట్టుతోనే కాసేపు తిప్పండి, రబ్బరు బిగుసుకోకుండా ఉంటుంది. చుట్టాలు అడిగితే వాట్సాప్‌లో వీడియోగా పంపకండి, అది నొక్కి నొక్కి సగం చేసి పంపిస్తుంది. పెన్‌డ్రైవ్‌లో వేసివ్వండి. అది ఎక్స్‌ఫ్యాట్ ఫార్మాట్‌లో ఉందో లేదో ముందే చూసుకోండి. ఫ్యాట్32 అయితే 4 జీబీ దాటిన ఫైలు ఎక్కదు, మన పెళ్లిళ్లేమో అంతకన్నా పొడుగు.