బాల్కనీకి లోహపు బార్ టేబుల్ ఎలా ఎంచుకోవాలి?

మేముండేది చెన్నైలో, తిరువాన్మియూర్‌లో. మా బాల్కనీ నుంచి సముద్రం కనపడదు. కానీ దాని ఉప్పు మాత్రం మా తలుపు గొళ్లేల దాకా వస్తుంది. ఆ సంగతి తెలిసి కూడా, రంగు బాగుందని నల్లటి బార్ టేబుల్ ఒకటి దీపావళికి ముందు కొన్నాను. సంక్రాంతికల్లా కాళ్ల దగ్గర తుప్పు నీళ్లు కారాయి. టేబుల్ పాత సామాన్లవాడికి పోయింది, టైల్స్ మీద నాలుగు గుండ్రటి మచ్చలు ఇంకా ఉన్నాయి. రెండోది కొనేటప్పుడు నేను పాటించిన వరుస ఇది.

1. ముందు పిట్టగోడ కొలవండి

దుకాణానికి వెళ్లకముందే టేపు తీయండి. మామూలు భోజనాల బల్ల 30 అంగుళాలు ఉంటుంది. దాని ముందు కూర్చుంటే బాల్కనీలో మీకు కనపడేది పిట్టగోడే. బార్ టేబుల్ 40 నుంచి 42 అంగుళాలు, దాని స్టూలు 28 నుంచి 30. స్టూలు పైభాగానికీ బల్ల పైభాగానికీ మధ్య 10, 12 అంగుళాలు ఉంటేనే మోకాళ్లు పడతాయి. స్టూలుకి పాదాలు పెట్టుకునే కమ్మీ కూడా ఉండాలి. మా అమ్మ నెల్లూరు నుంచి వచ్చినప్పుడు కమ్మీ లేని స్టూలెక్కి, "ఇదేం పీట అబ్బయా, కాళ్లు ఊగులాడతా ఉండాయే" అంది.

ఇక్కడే ఒక లెక్క వేయాలి. పిట్టగోడ మూడున్నర అడుగులు, అంటే 42 అంగుళాలు అనుకోండి. 30 అంగుళాల స్టూలు దాని పక్కన వేస్తే, కూర్చున్న మనిషికి అడ్డంగా మిగిలేది 12 అంగుళాల గోడే. ఆ స్టూలు మీద పిల్లవాడు నిలబడితే గోడ వాడి మోకాళ్ల దగ్గరికొస్తుంది. గ్రిల్ లేని బాల్కనీ, చిన్నపిల్లలున్న ఇల్లు అయితే బార్ ఎత్తు వద్దనే నా మాట. 36 అంగుళాల బల్ల కూడా దొరుకుతుంది, దానికి 24 నుంచి 26 అంగుళాల స్టూలు సరిపోతుంది. అయినా స్టూళ్లని పిట్టగోడ వైపు కాకుండా ఇంటి గోడ వైపే వేయండి, పని అయ్యాక లోపల పెట్టేయండి.

2. నేల మీద పేపరు పరచండి

ఇద్దరికి 24 అంగుళాల గుండ్రటి బల్ల చాలు. ఆ కొలతకి పాత పేపరు కత్తిరించి బాల్కనీలో అతికించండి. స్టూలు వెనక్కి లాగడానికి ఇంకో రెండడుగులు వదలండి. రెండు రోజులు అలాగే ఉంచి చూస్తే తెలుస్తుంది, తలుపు ఎక్కడిదాకా తెరుచుకుంటుందో, బట్టలు ఆరేసే తీగ ఎక్కడ తలకి తగులుతుందో. నాలుగడుగుల వెడల్పు బాల్కనీలో గుండ్రటి బల్ల కంటే గోడకి ఆనించే 16 అంగుళాల సన్న బల్లే నయం.

3. లోహం సంగతి తేల్చుకోండి

మామూలు ఇనుము చవక, బరువు, గట్టిది. రంగు పూత ఉన్నన్నాళ్లే దాని ఆయుష్షు. అల్యూమినియానికి ఎర్ర తుప్పు పట్టదు. తేలిక కూడా, తేలిక కావడమే దాని ఇబ్బంది. సముద్రానికి దగ్గర్లో ఉన్నవాళ్లకి నేను చెప్పేది అల్యూమినియమే.

స్టెయిన్‌లెస్ స్టీల్ అనగానే నిశ్చింత అనుకోకండి. 304 రకం మీద కూడా ఉప్పుగాలికి టీ ఒలికినట్టు గోధుమ మరకలొస్తాయి. మాలిబ్డినమ్ కలిసిన 316 బాగా తట్టుకుంటుంది కానీ ధర ఎక్కువ. నికెల్ తగ్గించి మాంగనీస్ పెంచిన 202 చవక, మరకలూ త్వరగా వస్తాయి. అమ్మేవాళ్లు అయస్కాంతం ఆనించి "చూడండి సార్, అంటుకోదు, అసలైన 304" అంటారు. 202 కూడా సాధారణంగా అంటుకోదు. ఆ పరీక్ష వల్ల మామూలు ఇనుము కాదని తెలుస్తుంది, అంతే. ఏ రకమో బిల్లు మీద రాయించుకోండి.

4. తిరగేసి చూడండి

నేను మొదటిసారి చేయనిది ఇదే. పైభాగం మీద పడ్డ ఉప్పుని వానో, మన తుడుపుగుడ్డో కడిగేస్తుంది. అడుగున పడ్డది అక్కడే ఉండిపోయి, గాలిలో తేమని పీల్చుకుని లోహాన్ని తింటుంది. అందుకే పైకప్పున్న బాల్కనీలో బల్ల కింద నుంచి పాడవుతుంది.

దుకాణంలో మొహమాటపడకుండా టేబుల్‌ని పడుకోబెట్టమనండి. వెల్డింగ్ అతుకు చుట్టూరా ఉందా, నాలుగు చుక్కలు పెట్టి వదిలేశారా చూడండి. పౌడర్ కోటింగ్‌లో పొడిని విద్యుదావేశంతో అంటిస్తారు, లోపలి మూలల్లోకి అది సరిగ్గా చేరదు. కాబట్టి వేలు పెట్టి తడమాల్సింది ఆ మూలలనే. తర్వాత కాళ్ల చివరలు. పైపు చివర మూతలా ఉండే ప్లాస్టిక్ బుష్ బిగుతుగా ఉందా? బుష్ ఊడితే తడి పైపు లోపలికి పోతుంది, లోపల రంగు ఉండదు. నా మొదటి టేబుల్ చచ్చింది సరిగ్గా అలాగే. బోల్టులు కూడా చూడండి, టేబుల్ అల్యూమినియం అయినా బోల్టులు మామూలు ఇనుమైతే ముందు అవే తుప్పుపడతాయి.

5. అరచేత్తో నొక్కండి

బల్ల అంచు మీద అరచేయి ఆనించి గట్టిగా నొక్కండి. అవతలి కాలు లేచిందంటే వదిలేయండి. ఎత్తైన బల్లకి అడుగు భాగం ఇరుకుగా ఉంటే మోచేయి తగిలినా పడుతుంది.

దుకాణంలో కదలనిది ఇంట్లో కదలొచ్చు. నీళ్లు పోవడానికి బాల్కనీ నేలకి వాటం ఇస్తారు కదా. తిప్పి ఎత్తు సరిచేసుకునే మరలు కాళ్లకి ఉన్నది తీసుకోండి. మన ముక్కాలిపీట ఎలాంటి నేల మీదైనా కదలకుండా నిలుస్తుంది, మూడు కాళ్ల టేబుల్ కూడా అంతే. కాకపోతే రెండు కాళ్ల మధ్య అంచు మీద బరువు పడితే ఒరుగుతుంది. నాలుగు కాళ్లు, మరలు ఉన్నదే నేను తీసుకున్నాను.

6. పైభాగం

చిల్లుల రేకు అయితే నీళ్లు నిలవవు కానీ కాఫీ గ్లాసు సరిగ్గా కూర్చోదు, మిక్చరంతా కిందే. నేను సాదా రేకు తీసుకున్నాను. పడమటి బాల్కనీకి ముదురు రంగు వద్దు, మే నెల మధ్యాహ్నం చేయి పెట్టలేరు.

7. కొనడమా, చేయించడమా

పాతవి చూడాలంటే పల్లావరంలో శుక్రవారం సంత ఉంది. పొద్దున్నే వెళ్లండి, ఎండ ముదిరాక బేరమాడే ఓపిక ఉండదు. కొలత కుదరకపోతే మీ వీధిలోని వెల్డింగ్ షాపులో చేయించుకోవడమే మేలు. ఒక అంగుళం చదరపు జీఐ పైపు (జింకు పూత వేసిన ఇనుప పైపు), 16 గేజ్, అంటే దాదాపు 1.6 మిల్లీమీటర్ల మందం అడగండి. వెల్డింగ్ వేడికి అతుకు దగ్గర జింకు పూత కాలిపోతుంది. అక్కడ జింక్ ప్రైమర్ వేశాకే రంగు వేయమనండి, వేసేటప్పుడు దగ్గరుండండి.

8. ఇంటికొచ్చాక

వారానికోసారి మంచినీళ్లతో తడిపిన గుడ్డతో అడుగు కూడా తుడవండి. ఉప్పగా ఉండే బోరు నీళ్లు వద్దు. పావురాల రెట్టని ఆరనివ్వకండి, పూతని తినేస్తుంది. ఎక్కడైనా గీత పడితే గరుకు కాగితంతో రుద్ది అప్పుడే రంగు పూయండి. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా తుఫాను కబురు వింటే టేబుల్‌ని లోపలికి తెచ్చేయండి. 2016 డిసెంబరు 12న వర్దా తుఫాను చెట్లనే పెకలించింది, అల్యూమినియం బల్ల దానికొక లెక్కా! మా ఇంట్లో తుఫాను రోజుల్లో అది హాల్లో ఫ్రిజ్ పక్కన ఉంటుంది, అమ్మ దాని మీద కూరగాయల బుట్ట పెడుతుంది.