మొబైల్ చేయాలంటే కింద నుంచి మొదలుపెట్టండి

ఇక్కడ మొబైల్ అంటే ఫోను కాదు, పైకప్పుకు వేలాడుతూ కాస్త గాలి తగిలితే చాలు మెల్లగా తిరిగే శిల్పం. ఆ పేరు 1931లో ఫ్రెంచ్ కళాకారుడు మార్సెల్ డ్యుషాం పెట్టాడు, అమెరికన్ శిల్పి అలెగ్జాండర్ కాల్డర్ చేసినవాటికి. కాల్డర్ చదివింది మెకానికల్ ఇంజనీరింగ్. 1930లో పారిస్‌లో చిత్రకారుడు మాండ్రియన్ స్టూడియోకు వెళ్లి, గోడ మీది రంగు ముక్కలు చూసి, ఇవి కదిలితే బాగుంటుంది కదా అన్నాడు, ఆయన ఒప్పుకోలేదు. తర్వాత కాల్డరే కదిలించాడు. మొదట్లో మోటార్లు కూడా పెట్టాడు గానీ, మోటారు తిప్పితే అదే తిరుగుడు మళ్లీ మళ్లీ వస్తుంది, గాలికి వదిలేస్తే ఎప్పుడు ఎటు తిరుగుతుందో తెలీదు. నాకైతే మజా అంతా అందులోనే ఉంది.

కావలసినవి: జీఐ తీగ (జింకు పూత ఉన్న ఇనుప తీగ), నోస్ ప్లయర్, దళసరి అట్ట, నైలాన్ దారం. సెంట్రింగ్ పనికి వాడే బైండింగ్ వైరు వద్దు, మరీ మెత్తన.

అందరూ చేసే తప్పు (నేనూ చేశా, ఒక ఆదివారం మొత్తం పోయింది) పై తీగతో మొదలుపెట్టడం. కింద ఎంత బరువు వేలాడుతుందో తెలియకుండా పై తీగకు వేలాడదీసే చుట్టు ఎక్కడ వేస్తారు? అన్నిటికన్నా కింది తీగకు రెండు చివర్లా అట్టముక్కలు తగిలించి, వేలి మీద నిలబెట్టి చూడండి. కావడి మోసే మనిషి ఒక బుట్ట బరువైతే భుజం అటువైపు జరుపుకుంటాడు కదా, అదే లెక్క: వేలికి ఒకవైపు 10 సెంటీమీటర్ల దూరంలో ఉన్న 20 గ్రాములకి రెండోవైపు 20 సెంటీమీటర్ల దూరంలో ఉన్న 10 గ్రాములు సరిపోతాయి. తీగ బరువు కూడా కలుస్తుంది కాబట్టి కాగితం మీద కన్నా వేలి మీదే బాగా తెలుస్తుంది. నిలిచిన చోట మార్కరుతో గీత పెట్టి, ప్లయరుతో తీగను చిన్న చుట్టు తిప్పండి, దారం కట్టి వేలాడదీసేది దానికే. చుట్టు తిప్పాక బ్యాలెన్స్ కాస్త తప్పుతుంది, కంగారొద్దు, బరువైన వైపు అట్టను కొద్దికొద్దిగా కత్తిరించుకుంటూ పోండి.

ఇంకో కిటుకు, తీగ చివర్లు విల్లులా కిందికి వంచండి. బరువు చుట్టుకన్నా కిందికి దిగితే ఊగినా మళ్లీ సర్దుకుంటుంది, పైన ఉంటే బోర్లాపడుతుంది.

ఇప్పుడు ఇదంతా ఒకే బరువు అనుకుని పై తీగకు ఒక చివర తగిలించి, రెండో చివర పెద్ద ముక్క పెట్టి, మళ్లీ వేలి మీద. మూడు నాలుగు తీగలు చాలు.

ఫ్యాన్ కింద వేలాడదీయకండి, దారాలన్నీ చిక్కుపడతాయి. కిటికీకి కాస్త ఎడంగా పెట్టండి, పైన గాలాల షాపులో దొరికే స్వివెల్ (రెండు కొసలూ విడివిడిగా తిరిగే చిన్న లోహపు ముక్క) ఒకటి వేస్తే దారం మెలితిరగదు.