కంటి చుక్కలకూ ఓ వేళాపాళా ఉంది

"కిందటిసారి పదహారే అన్నావు, ఇవాళ ఇరవై రెండేంటమ్మాయ్? మీ మిషన్ పాడైందేమో చూసుకో!"

రాజమండ్రిలో ఒక కంటి ఆసుపత్రిలో ప్రెషర్, అంటే కంటి లోపలి ఒత్తిడి, చూసే గది నాది. ఈ అక్షింతలు నాకు మామూలే. మిషన్ బాగానే ఉంటుందండీ. ఆ బాబాయిగారు కిందటిసారి సాయంత్రం వచ్చారు, ఈసారి పొద్దున్నే మొదటి బస్సెక్కి వచ్చారు.

కంట్లో నీరు ఊరుతూ ఉంటుంది, బయటికి పోతూ ఉంటుంది. ప్రెషర్ అంటే ఆ రెండింటి లెక్కే. 10 నుంచి 21 దాకా మామూలు అంటాం. నిద్రలో నీరు ఊరడం పగటితో పోలిస్తే దాదాపు సగానికి పడిపోతుంది. అయినా రాత్రి ప్రెషర్ తగ్గదు. పడుకున్నప్పుడు కంటి నుంచి రక్తం తిరిగి వెళ్ళే సిరల్లో ఒత్తిడి పెరిగి, నీరు బయటికి పోవడం మందగిస్తుంది. చాలామందికి ప్రెషర్ బాగా పెరిగేది తెల్లవారుజామున, ఇంకా మంచం దిగకముందే. మేం తలుపులు తీసి, చీటీ రాసి, మిమ్మల్ని కూర్చోబెట్టేసరికి అది దిగే దారిలో ఉంటుంది.

కాబట్టి నీటికాసులు (గ్లాకోమా, ప్రెషర్‌తో కంటి నరం దెబ్బతినే జబ్బు) ఉన్నవాళ్ళు ఎప్పుడూ పదకొండింటికే రాకండి. ఒకసారి పెందలాడే, ఒకసారి సాయంత్రం రండి. అంకె పక్కన టైము కూడా రాయమని అడగండి, మొహమాటపడొద్దు. అంకె బాగున్నా నరం దెబ్బతింటూ ఉంటే డాక్టరుగారు ఒకరోజంతా రెండు మూడు గంటలకోసారి కొలవమంటారు. విసుక్కోకుండా కూర్చోండి, అసలు సంగతి అప్పుడే బయటపడుతుంది. ఇంకో మాట. షుగర్ టెస్టుకి వచ్చినట్టు పరగడుపున, చుక్కలు కూడా మానేసి వస్తుంటారు కొందరు. ఆ రోజు కూడా మందు వేసుకునే రావాలి. మందు పనిచేస్తోందో లేదో చూడడానికే కదా మేం కొలిచేది!

లేవగానే రాగి చెంబెత్తి లీటరు నీళ్ళు గటగటా తాగే అలవాటుంటే, దాన్ని అరగ్లాసు చొప్పున గంటసేపు తాగండి. ఒక్కసారిగా అన్ని నీళ్ళు పడితే కంటి ప్రెషర్ కాసేపు పైకి ఎగురుతుంది. ఎంత ఎగురుతుందో చూడడానికి ఐదు నిమిషాల్లో లీటరు తాగించి కొలిచే పరీక్షే ఒకటుంది. శీర్షాసనం జోలికి అసలు వెళ్ళకండి.

ఇక ప్రెషర్ తగ్గించే చుక్కలు. లాటానోప్రాస్ట్ లాంటివి రోజుకొక్కసారే, ఎక్కువగా రాత్రిపూట రాస్తారు. వేశాక వచ్చే ఎరుపు నిద్రలో పోతుంది, పనేమో మర్నాడంతా చేస్తుంది. మర్చిపోయామని మర్నాడు రెండు వేస్తే లాభం లేదు, ఎక్కువసార్లు వేస్తే పని తగ్గుతుంది కూడా. టిమోలాల్ వేరు. అది నీరు ఊరడాన్ని తగ్గిస్తుంది. రాత్రి ఎలాగూ తక్కువే ఊరుతుంది గనుక పొద్దున చుక్కే ముఖ్యం, కాఫీ కంటే ముందు అది పడాలి. రెండు పూటలా రాస్తే మాత్రం రెండు పూటలా వేయాల్సిందే. ఉబ్బసం ఉంటే టిమోలాల్ రాసేలోపే నోరు విప్పి చెప్పండి.

వేసే పద్ధతి: చేతులు కడుక్కోండి. తల వెనక్కి వాల్చి, కింది రెప్పని వేలితో లాగితే చిన్న సంచిలా తెరుచుకుంటుంది. అందులో ఒక్క చుక్క. సీసా మూతి రెప్పకి తగలకూడదు. కన్ను మెల్లగా మూసి, ముక్కు పక్క మూలని వేలితో రెండు నిమిషాలు నొక్కి పట్టుకోండి, మందు గొంతులోకి జారకుండా. టపటపా రెప్పలాడించొద్దు. కన్ను పట్టేది ఒక్క చుక్కే, రెండోది చెంప మీదికి కారి దండగ. రెండో మందుంటే మధ్యలో ఐదు నిమిషాలు ఆగండి. చర్మం మీద మిగిలింది తుడిచేయకపోతే లాటానోప్రాస్ట్ వాడేవాళ్ళకి కంటి చుట్టూ నల్లబడొచ్చు.

మా ఊళ్ళో మే నెల ఎండ తెలుసుగా! లాటానోప్రాస్ట్ మూత తీయని సీసా ఫ్రిజ్‌లో ఉండాల్సిందే. తీశాక కూడా 25 డిగ్రీలు దాటకూడదు, అంటే వేసవిలో మళ్ళీ ఫ్రిజ్ తలుపు అరలోకే. బయట ఉంచదగ్గ రకాలూ ఉన్నాయి, అట్టపెట్టె మీద చూడండి. చల్లటి చుక్కతో ఇంకో సుఖం, కంట్లో పడిందో లేదో ఇట్టే తెలుస్తుంది. మూత తీసిన తేదీ పెన్నుతో సీసా మీద రాసి, నాలుగు వారాలకి మందు మిగిలినా పారేయండి. పారేయడానికి మనసొప్పక మూడు నెలలు వాడే పెద్దమ్మలతో నాకు రోజూ గొడవే.

నైట్ డ్యూటీ వాళ్ళకి "పడుకోబోయే ముందు" అన్న మాట పనికిరాదు. వారానికోసారి షిఫ్టు మారితే చుక్క వేళ కూడా మారిపోతుంది. గడియారం పట్టుకోండి. రాత్రి తొమ్మిదైతే తొమ్మిదే, డ్యూటీలో ఉన్నా సరే. అలారం పెట్టుకోండి.

పడుకునేటప్పుడు తలవైపు కాస్త ఎత్తు పెట్టుకుంటే చాలామందికి మేలు. బాగా దెబ్బతిన్న కన్ను కిందికి వచ్చేలా, చెయ్యి దాని మీద పడేలా పక్కకి తిరిగి పడుకోవద్దు. రాత్రి బీపీ మాత్ర వేసుకుంటుంటే ఆ సంగతి కంటి డాక్టరుకి చెప్పండి. నిద్రలో బీపీ మరీ పడిపోతే కంటి నరానికి రక్తం చాలదు. మీ అంతట మీరు మాత్ర వేళ మార్చకండి, ఇద్దరు డాక్టర్లూ మాట్లాడుకోవాలి.

"నిద్ర పట్టడం లేదమ్మా" అనే మాట జబ్బు ముదిరినవాళ్ళ దగ్గర తరచూ వింటాను. రెటీనాలో, అంటే కంటి వెనక తెరలో, చూపు కోసం కాకుండా, పగలా రాత్రా అని మెదడుకి చెప్పడానికి కొన్ని కణాలున్నాయి. వాటిని 2002లో గుర్తించారు. నీటికాసులు ముదిరితే అవీ దెబ్బతింటాయి. మిగిలినవాటికి వెలుతురు గట్టిగా అందాలి. పొద్దున అరగంట ఆరుబయట తిరగండి, వరండాలో పేపర్ చదివినా మంచిదే. రాత్రి మాత్రం గదిలో మసక దీపం చాలు.

లేవగానే చూపు మసకగా ఉండి, మధ్యాహ్నానికి తేటపడుతుంటే కళ్ళజోడు మార్చుకుని ఊరుకోకండి. మూసిన రెప్పల కింద నల్లగుడ్డు పైపొర అందరికీ కాస్త ఉబ్బుతుంది గానీ కాసేపట్లో సర్దుకుంటుంది. గంటలు పడుతోందంటే ఆ పొర చూపించుకోవాలి.

రాత్రి ఏ వేళైనా ఒక కన్ను ఎర్రబడి, భరించలేని నొప్పితో తల పగిలిపోతూ, వాంతులై, బల్బు చుట్టూ రంగుల వలయాలు కనబడితే పైత్యమనుకుని నిమ్మరసం తాగి పడుకోవద్దు. ప్రెషర్ ఒక్కసారిగా ఎగసినప్పుడు అలాగే ఉంటుంది. తెల్లారేదాకా ఆగితే చూపు పోవచ్చు. కంటి డాక్టరు డ్యూటీలో ఉన్నది ఎక్కడో ఫోన్ చేసి కనుక్కుని, వాడే సీసాలన్నీ సంచిలో వేసుకుని అప్పుడే బయల్దేరండి.