రెండు రాష్ట్రాల్లో పనిచేస్తే న్యూయార్క్ పన్ను ఎందుకు ఉబ్బిపోతుంది?

సమస్య: జూన్ దాకా టెక్సాస్‌లో క్లయింటు దగ్గర పనిచేశారు. జూలైలో న్యూజెర్సీకి మారి, అదే కంపెనీ మన్‌హాటన్ ఆఫీసుకు వెళ్తున్నారు. రిటర్న్ నింపితే ఏడాది జీతం మొత్తానికీ న్యూయార్క్ పన్ను పడుతోంది.

ముందు చూడాల్సింది, ఎవరూ చూడనిది: ఏ రిటర్న్ మొదట చేశారు? న్యూయార్క్ నాన్‌రెసిడెంట్ రిటర్న్ (ఆ రాష్ట్రంలో నివసించనివారు వేసేది), అంటే ఐటీ-203, పూర్తయ్యాకే న్యూజెర్సీది ముట్టుకోండి. న్యూజెర్సీ ఇచ్చే క్రెడిట్‌కు, అంటే వేరే రాష్ట్రానికి కట్టిన పన్నుకు ఇచ్చే తగ్గింపుకు, అందులో తేలిన పన్నే ఆధారం. డబ్ల్యూ-2లో (కంపెనీ ఏటా ఇచ్చే జీతం, పన్ను పత్రం) 17వ గడిలో కనిపించే, జీతంలోంచి కోసిన రాష్ట్ర పన్ను కాదు, రిటర్న్‌లో తేలిన పన్ను. ఏటా ఏప్రిల్‌లో ఇదే చెప్పి చెప్పి విసిగిపోయాను.

అదీ సరిగ్గానే ఉంటే దొంగ డబ్ల్యూ-2లో రాష్ట్ర జీతం చూపించే 16వ గడిలో ఉన్నాడు. ఏడాదిలో కొన్ని నెలలే న్యూయార్క్‌లో పనిచేసినా, ఆ గడిలో ఫెడరల్ జీతం మొత్తం చూపించమని ఆ రాష్ట్రమే కంపెనీలకు చెబుతుంది. ఇది తెలియక మొదటిసారి నేను పేరోల్ వాళ్లతో మూడు వారాలు పోట్లాడాను. తప్పు వాళ్లది కాదు. సాఫ్ట్‌వేర్ మాత్రం ఆ అంకెను నమ్మేసి మొత్తం న్యూయార్క్ సంపాదనే అనుకుంటుంది. టెక్సాస్‌లో జీతం మీద రాష్ట్ర పన్నే లేదు, న్యూజెర్సీ తన దగ్గర ఉన్న నెలలకే క్రెడిట్ ఇస్తుంది. కాబట్టి న్యూయార్క్‌కు ఎక్కువ కట్టింది ఏ క్రెడిట్‌గానూ తిరిగి రాదు.

పరిష్కారం ఐటీ-203-బి, షెడ్యూల్ ఏ. పనిదినాల లెక్కన జీతం విడగొట్టాలి. జీతం 1,20,000 డాలర్లు, పనిదినాలు 240, అందులో న్యూయార్క్‌వి 110 అయితే ఆ రాష్ట్రం వాటా 55,000. రేటు మాత్రం మొత్తం ఆదాయాన్ని బట్టే పడుతుంది, దాని గురించి కంగారు పడకండి. జూలై తర్వాత మీ సౌకర్యం కోసం ఇంటి నుంచి పనిచేసిన రోజులు న్యూయార్క్ ఖాతాలోకే వెళ్తాయి. చాలామంది వాటిని తీసేసి దొరికిపోతారు. టైమ్‌షీట్లు, టెక్సాస్ అద్దె ఒప్పందం దాచుకోండి.

పెన్సిల్వేనియాలో ఉంటూ న్యూజెర్సీలో పనిచేసేవారికి ఈ గొడవ లేదు, జీతంపై పన్ను సొంత రాష్ట్రానికే. పొరపాటున జీతంలోంచి న్యూజెర్సీ పన్ను కోసేస్తే, న్యూజెర్సీ నాన్‌రెసిడెంట్ రిటర్న్ వేసి వెనక్కి తీసుకోవాలి. కాలిఫోర్నియా, ఆరిజోనా జోడీలో క్రెడిట్ నాన్‌రెసిడెంట్ రిటర్న్‌లోనే వస్తుంది.

ఇప్పటికే ఎక్కువ కట్టేశారా? ఫైల్ చేసిన మూడేళ్లలోపు ఐటీ-203-ఎక్స్‌తో సవరించవచ్చు. దాంతోపాటు న్యూజెర్సీ క్రెడిట్‌నూ మళ్లీ లెక్కించి, ఆ రిటర్న్ కూడా సవరించాలి.