డౌన్ స్లీపింగ్ బ్యాగులోనూ చలేస్తోందా? వైజాగ్ ట్రెకర్ల కోసం సమస్య - పరిష్కారం

"అన్నా, బ్యాగు మీద మైనస్ పది అని రాసుంది. ఆ రాత్రి మూడు డిగ్రీలే. అయినా తెల్లవార్లూ వణుకుతూనే ఉన్నాను."

మే నెలాఖరులోనూ అక్టోబర్ చివర్లోనూ హిమాలయాల నుంచి తిరిగొచ్చిన కుర్రాళ్లు ఫోన్ చేసి మొదట చెప్పే మాట ఇది. ఆ వెంటనే అడిగేది, "ఇంకా మంచిది ఏది కొనమంటావు?" అని. ఇప్పుడే కొనొద్దని చెబుతాను. చలి ఎక్కడి నుంచి వచ్చిందో తెలియకుండా వేలకు వేలు పోసి కొత్త బ్యాగు తెచ్చుకుంటే, వచ్చే ఏడాది అదే వణుకు.

ముందు ఒక చిన్న పరీక్ష చేయండి. బ్యాగును సంచిలోంచి తీసి, బాగా దులిపి, మంచం మీద పరిచి గంటసేపు వదిలేయండి. ఛాతీ వచ్చే చోట మంచం నుంచి పైదాకా ఎంత ఎత్తు పొంగిందో స్కేలుతో కొలిచి రాసుకోండి. డౌన్ అంటే బాతుల పొట్ట మీద పెద్ద ఈకల కింద దాగి ఉండే నూగు. దానికి ఈకకున్నట్టు కాడ ఉండదు. ఒక్కో నూగు నుంచి సన్నటి పోగులు అన్ని వైపులా విచ్చుకుని మధ్యలో గాలిని కదలకుండా పట్టి ఉంచుతాయి. మనల్ని వెచ్చగా ఉంచేది ఆ గాలే. పొంగితే వెచ్చన, అణిగితే చలి. ట్రెకర్లు లాఫ్ట్ అనేది ఈ పొంగునే.

సమస్య: బ్యాగు మీద రాసిన డిగ్రీలకు చాలా ముందే చలి మొదలైంది

మీరు చదివిన అంకె ఏదో మళ్లీ చూడండి. పేరున్న బ్యాగుల లేబుల్ మీద మూడు అంకెలు ఉంటాయి: కంఫర్ట్, లిమిట్, ఎక్స్‌ట్రీమ్. యూరప్ వాళ్ల ఈఎన్ 13537 ప్రమాణం, దాని తర్వాత 2016లో వచ్చిన ఐఎస్ఓ 23537 ప్రమాణం ఈ అంకెల్ని ఎలా కొలవాలో చెబుతాయి. వేడి పుట్టించే మనిషి బొమ్మకు ఒళ్లంతా కప్పే లోపలి బట్టలు, సాక్సులు తొడిగి, కింద మ్యాట్ వేసి, చల్లటి గదిలో పడుకోబెట్టి కొలుస్తారు. మామూలు మహిళ ఒళ్లు వదులు చేసుకుని హాయిగా నిద్రపోగలిగేది కంఫర్ట్. మామూలు మగవాడు ముడుచుకుని పడుకుని ఎలాగో రాత్రి గడపగలిగేది లిమిట్. ఎక్స్‌ట్రీమ్ అంటే ఆరు గంటల పాటు ప్రాణం నిలబడే హద్దు. అక్కడ నిద్ర సంగతి మర్చిపోవాలి.

అమ్మేవాళ్లు పెద్ద అక్షరాలతో వేసేది చాలాసార్లు లిమిట్, ఒక్కోసారి ఎక్స్‌ట్రీమ్. నాకు ఫోన్ చేసిన కుర్రాడి బ్యాగుకు మైనస్ పది అనేది ఎక్స్‌ట్రీమ్. దాని కంఫర్ట్ ఏడు డిగ్రీలు. మూడు డిగ్రీల్లో వణికాడంటే బ్యాగు తప్పేమీ లేదు.

పరిష్కారం: కంఫర్ట్ అంకె ఒక్కటే చూడండి. వెళ్లే చోట రాత్రి అతి తక్కువ ఎంత ఉంటుందో కనుక్కుని, దానికన్నా ఐదు డిగ్రీలు తక్కువ కంఫర్ట్ ఉన్నది ఎంచుకోండి. జనవరిలో కూడా ఫ్యాన్ వేసుకుని పడుకునే ఊరు మనది. ఆ ఐదు డిగ్రీల వెసులుబాటు మనకు కచ్చితంగా కావాలన్నది నా అనుభవం. ఎత్తు పెరిగే కొద్దీ కిలోమీటరుకు సుమారు ఆరు డిగ్రీలు తగ్గుతుందన్న లెక్క కూడా గుర్తుంచుకోండి. కింది ఊరి వాతావరణం చూసి 4,000 మీటర్ల క్యాంపుకు బ్యాగు కొనేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. కంఫర్ట్, లిమిట్ విడిగా రాయకుండా ఒకే అంకె వేసిన బ్యాగు ఎంత చవకైనా నేను కొనను.

సమస్య: పైన వెచ్చగా ఉంది, వీపు గడ్డకడుతోంది

ఇది అన్నిటికన్నా తేలిక. బోర్లా తిరిగితే వీపు వెచ్చబడి పొట్ట చల్లబడుతోందా? అయితే లోపం మ్యాట్‌ది. మన బరువు కింద డౌన్ పూర్తిగా అణిగిపోతుంది కాబట్టి అడుగున అది ఉన్నా లేనట్టే. నేల చలిని ఆపాల్సింది మ్యాట్. దాని బలాన్ని ఆర్-వాల్యూ అనే అంకెతో చెబుతారు. మామూలు ఫోమ్ మ్యాట్‌కు అది రెండు దగ్గర ఉంటుంది. మంచు పడే చోటికి నాలుగు దాటాలి. ఆర్-వాల్యూలు ఒకదానికొకటి కలుస్తాయి. కాబట్టి ఉన్న ఫోమ్ మ్యాట్ మీద గాలి నింపే మ్యాట్ ఇంకొకటి వేసుకుంటే చాలు. బ్యాగు మార్చాల్సిన పని లేదు.

సమస్య: మొదటి రెండు రాత్రులు బాగానే ఉంది, నాలుగో రాత్రి నుంచి చలి

వారం, పది రోజులు నడిచేవాళ్లకు అసలు పరీక్ష ఇదే. రెండు రాత్రుల ట్రెక్‌లో ఇది బయటపడదు. అందుకే చాలామంది దీన్ని ఒంటి నీరసం అనుకుంటారు.

నిద్రలో మన ఒంటి నుంచి తేమ ఆవిరిగా పోతూనే ఉంటుంది. బయట బాగా చల్లగా ఉన్నప్పుడు ఆ ఆవిరి బ్యాగు గుడ్డ దాటేలోపే, డౌన్ మధ్యలోనే చల్లబడి నీరవుతుంది. సున్నా కన్నా తక్కువైతే మంచుగా మారుతుంది. పొద్దున్నే ఆరు గంటలకు బయల్దేరాలని ఆ బ్యాగును అలాగే సంచిలో కుక్కేస్తాం. సాయంత్రం తీసేసరికి నూగు పోగులు ఒకదానికొకటి అంటుకుని ఉంటాయి. రోజుకు కొంచెం చొప్పున పొంగు తగ్గుతుంది. చేతికి తడి తగలదు కాబట్టి అనుమానం రాదు. నాలుగో రోజు కొలిచి చూస్తే తేడా తెలుస్తుంది. ఒకసారి నా బ్యాగు పైపొర ఇంట్లో ఏడు సెంటీమీటర్లు ఉన్నది, ఐదో రాత్రికి నాలుగున్నరకు దిగింది.

రోజూ మధ్యాహ్నం భోజనానికి ఆగినప్పుడు బ్యాగు తీసి, తిరగేసి, ఎండలో రాయి మీద పరచండి. ఎత్తైన చోట గాలి పొడిగా ఉంటుంది కాబట్టి అరగంటలోనే చాలా తేమ పోతుంది. నేను భోజనం సంగతి తర్వాత చూసుకుంటాను, ముందు బ్యాగు ఆరేస్తాను. ఎంత చలేసినా ముక్కు, నోరు లోపలికి పెట్టి ఊపిరి వదలకండి. ఊపిరిలోని తేమంతా తిన్నగా డౌన్‌లోకి పోతుంది. ముఖానికి మఫ్లర్ చుట్టుకుని, బ్యాగు హుడ్ తాడు బిగించి, ముక్కు మాత్రం బయట ఉంచండి. తడి సాక్సుల్ని ఒంటి వేడితో ఆరబెట్టాలని బ్యాగులో పెట్టుకునే అలవాటు ఉంటే మానేయండి. ఆ నీరు ఎక్కడికో పోదు, మీ డౌన్‌లోకే చేరుతుంది. టెంట్ జిప్పు చలికి భయపడి మొత్తం మూసేయకండి. పైన కొంచెం తెరిస్తేనే లోపలి గోడల మీద నీటి చుక్కలు కట్టవు.

ఇలాంటి నడకల కోసమే కొనేటట్టయితే నీరు అంటకుండా పూత పూసిన హైడ్రోఫోబిక్ డౌన్ గురించి అడగండి. తేమను అది కొంతసేపు తట్టుకుంటుంది. వానలో తడిస్తే మాత్రం కాపాడదు. ప్యాక్ లోపల మందపాటి ప్లాస్టిక్ సంచి వేసి అందులో బ్యాగు పెట్టుకోవడం ఎలాగూ తప్పదు.

సమస్య: కొన్నప్పుడు పూరీలా పొంగేది, ఏడాది తర్వాత దుప్పటిలా పడి ఉంది

వైజాగ్‌లో బ్యాగులు కొండ మీద కన్నా ఇంట్లోనే ఎక్కువ పాడవుతాయి. ట్రెక్ నుంచి రాగానే చిన్న సంచిలో అలాగే బిగించి అటక మీద పడేస్తాం. జూన్ నుంచి నవంబర్ దాకా వానలు, ఆపై ఏడాది పొడవునా సముద్రపు గాలి. బట్టల బీరువాలో లెదర్ బెల్టుకే బూజు పట్టే ఊళ్లో అణిచిపెట్టిన నూగు ఏం కావాలి? నెలల తరబడి నొక్కుకుని ఉంటే పోగులు విరుగుతాయి. లోపలి చెమ్మకు వాసన పడుతుంది. బీచ్‌కు దగ్గర ఇళ్లలో జిప్పు రన్నర్ కూడా ఉప్పు గాలికి బిగుసుకుపోతుంది.

ముందు దీపానికి అడ్డంగా పట్టుకుని చూడండి. కుట్ల మధ్య నూగు నింపిన గదుల్లో నల్లటి ముద్దలు కనిపిస్తే నూగు ఉండలు కట్టింది. ఒట్టి చెమ్మే అయితే ఏసీ గదిలో డ్రై మోడ్ పెట్టి, నులక మంచం మీదో కుర్చీల మీదో పరిచి, ఒక రోజంతా తిప్పుతూ ఉంచండి. మేడ మీద దండెం కన్నా ఇది మేలు. మన మేడ మీద గాలిలోనే తేమ ఉంటుంది, పైగా గంటల కొద్దీ ఎండకు నైలాన్ గుడ్డ బలం తగ్గుతుంది.

జిడ్డు, చెమట పట్టి పొంగు పోయిందంటే ఉతకాలి. మామూలు డిటర్జెంట్, ఫాబ్రిక్ సాఫ్ట్‌నర్ వద్దు, డ్రై వాష్‌కు అసలే ఇవ్వొద్దు. నూగుకు సహజంగా ఉండే నూనె పోతుంది. డౌన్ కోసం ప్రత్యేకంగా అమ్మే ద్రవ సబ్బు తెప్పించుకోండి. పెద్ద టబ్బులో గోరువెచ్చని నీళ్లలో మెల్లగా అదిమి, నురగ పూర్తిగా పోయేదాకా మూడు నాలుగు నీళ్లు మార్చండి. మీ అపార్ట్‌మెంట్ బోరు నీళ్లు ఉప్పగా ఉంటే కుళాయి నీళ్లు పట్టుకోండి. పిండకూడదు. తడి బ్యాగును ఒక కొస పట్టుకుని ఎత్తితే బరువుకు ఆ గదుల మధ్య గుడ్డ గోడలు చిరుగుతాయి. రెండు చేతులూ కింద పెట్టి పసిపిల్లను ఎత్తినట్టు ఎత్తండి.

ఆరబెట్టడమే పెద్ద పని. పెద్ద డ్రయ్యర్ ఉన్న లాండ్రీ దొరికితే తక్కువ వేడిలో, రెండు మూడు శుభ్రమైన టెన్నిస్ బంతులు వేసి మూడు నాలుగు గంటలు తిప్పించండి. బంతులు ఉండల్ని విడగొడతాయి. ఒకసారి ఒక లాండ్రీలో నేను చెప్పినా వినకుండా ఎక్కువ వేడి పెట్టి గుడ్డ ముడతలు పడేలా చేశారు. అప్పటి నుంచి యంత్రం పక్కనే కూర్చుంటున్నాను. డ్రయ్యర్ లేకపోతే ఏసీ, ఫ్యాన్ రెండూ వేసి రెండు మూడు రోజులు ఓపిక పట్టాలి. గంటగంటకూ ఉండల్ని వేళ్లతో విడదీయాలి. ఈ పనికి జనవరి, ఫిబ్రవరి మంచివి. జూలైలో పెట్టుకోవద్దు.

దాచేటప్పుడు పాత కాటన్ దిండు గలీబులు రెండు కలిపి కుట్టించి, అందులో వదులుగా వేసి, బీరువాలో హ్యాంగర్‌కు తగిలించండి. పక్కన సిలికా జెల్ సంచులు పెట్టండి. కలరా ఉండలు వద్దు, ఆ వాసన ఏళ్ల తరబడి పోదు. వానాకాలంలో నెలకోసారి తీసి దులపండి.

చిన్న చిన్న లోపాలు

భుజాల దగ్గర చల్లగాలి దూరుతుంటే మెడ చుట్టూ ఉండే డ్రాఫ్ట్ కాలర్ లేదన్నమాట, లేదా తాడు బిగించలేదు. జిప్పు పొడవునా చలి వస్తుంటే దాని వెనక నిండు గొట్టంలాంటి పొర ఉందో లేదో చూడండి. కుట్ల గీతల వెంబడి చలి తగిలితే లోపలి, బయటి గుడ్డల్ని నేరుగా కలిపి కుట్టారు. వేసవికి సరిపోతుంది కానీ మంచుకు పెట్టెల్లా గోడలు కట్టిన కుట్టు కావాలి. కాళ్లు మాత్రమే చల్లబడుతుంటే బ్యాగు మీ ఎత్తుకు మించి పొడవుగా ఉందేమో చూడండి. ఆ ఖాళీలో రేపటి బట్టలు పొడివి కుక్కండి.

ఒకటీ అరా నూగు బయటికొస్తే లాగకండి, వెనకున్న నాలుగూ దాని వెంట వస్తాయి. లోపలి వైపు నుంచి పట్టుకుని వెనక్కి లాగి, రంధ్రం మీద వేలితో రుద్దండి. చిరుగైతే నైలాన్ అతుకు టేపు వేయండి.

సమస్య: వెచ్చగానే ఉంది కానీ మోయలేకపోతున్నాను

ఇది కొనేటప్పటి పొరపాటు. ఫిల్ పవర్ అంకె ఒక్కటే చూసి కొన్నారు, లేదా అసలు చూడలేదు. ఒక ఔన్సు, అంటే సుమారు 28 గ్రాముల డౌన్ ఎన్ని ఘనపు అంగుళాలు పొంగుతుందో అదే ఫిల్ పవర్. 850 అంటే గొప్పదే. కానీ లోపల ఎన్ని గ్రాములు నింపారో తెలియకపోతే ఆ అంకెతో లాభం లేదు. రెండూ గుణించండి. 700 ఫిల్ పవర్ డౌన్ 500 గ్రాములు, 850 ఫిల్ పవర్ డౌన్ 400 గ్రాములు దాదాపు ఒకే పొంగు ఇస్తాయి. తేడా వంద గ్రాముల బరువు, దానికి చాలా ఎక్కువ ధర. పది రోజులు మోసేవాళ్లకు ఆ వంద గ్రాములు విలువైనవే. ఏడాదికి ఒక్క ట్రెక్ చేసేవాళ్లకు 700 ధారాళంగా సరిపోతుంది.

అరకు, వంజంగి, లంబసింగి వరకే వెళ్లేవాళ్లు డౌన్ కొనకండి. ఆ మంచు పొగలో, ఆ తడి గడ్డి మీద కృత్రిమ పోగులు నింపిన సింథటిక్ బ్యాగే నమ్మకం. హిమాలయాల కోసం కొన్నవాళ్లు మాత్రం వెళ్లేముందు డిసెంబర్‌లో లంబసింగిలో ఒక రాత్రి పడుకుని చూడండి. ఆ ఊరికి కొర్రబయలు అని ఇంకో పేరుంది. బయట ఉండిపోతే తెల్లారేసరికి కర్రలా బిగుసుకుపోతారని ఆ పేరట. సున్నా దగ్గరికి కూడా దిగే ఆ చలిలో లోపం ఏదైనా తెలిసిపోతే, పొద్దున్నే బస్సెక్కి ఇంటికొచ్చి సరిచేసుకోవచ్చు.

ఇక ప్రయాణంలో కూడా బ్యాగును ముందే బిగించొద్దు. సమతా ఎక్స్‌ప్రెస్‌లో ఢిల్లీ దాకా ఒకటిన్నర రోజు పడుతుంది. అంతసేపూ దాన్ని ఆ గలీబు సంచిలోనే బెర్తు మీద తల కింద దిండులా పెట్టుకోండి. నడక మొదలయ్యే రోజు పొద్దున్న చిన్న సంచిలోకి ఎక్కించండి.