జలవిద్యుత్ కేంద్రం దిగువన చేపలు చిక్కుకుంటున్నాయా? సమస్య - పరిష్కారం

టర్బైన్ల లోడు తగ్గించగానే దిగువన నది మట్టం పడిపోతుంది. ఆ వేగాన్ని అందుకోలేని చేపలు గులకరాళ్ల మధ్యో, నది నుంచి తెగిపోయిన గుంటల్లోనో ఉండిపోతాయి. ఎక్కువగా బలయ్యేది ఒడ్డు పక్కన లోతు తక్కువ నీళ్లలో తిరిగే చేపపిల్లలే.

సమస్య: రికార్డులో మట్టం తగ్గే వేగం పరిమితిలోనే ఉంది, అయినా చేపలు చస్తున్నాయి

ముందు లాగర్ (నీటి మట్టాన్ని దానంతటదే నమోదు చేసే పరికరం) ఎంతసేపటికోసారి రీడింగ్ తీస్తోందో చూడండి. మట్టం 20 నిమిషాల్లో 30 సెం.మీ. పడిపోయి, మిగతా 40 నిమిషాలు నిలకడగా ఉందనుకుందాం. గంటకోసారి తీసిన రీడింగ్ దాన్ని గంటకు 30 సెం.మీ.గా చూపిస్తుంది. చేపపిల్ల ఎదుర్కొన్న వేగం మాత్రం గంటకు 90 సెం.మీ. రీడింగ్‌ను 5 నిమిషాలకోసారి పెట్టి, వేగాన్ని 15 నిమిషాల లెక్కన చూడండి.

మట్టం కొలిచే గేజ్ ఉన్న చోటు కూడా మోసం చేస్తుంది. సౌకర్యంగా ఉంటుందని దాన్ని నిటారు గట్టున్న లోతైన చోట పెడతారు. చేపలు చిక్కుకునేది వెడల్పాటి పల్లపు తిన్నెల మీద. ఒడ్డు వాలు 10 శాతమైతే మట్టం 10 సెం.మీ. తగ్గినప్పుడు తేలేది ఒక మీటరు నేల. వాలు ఒక శాతమే అయితే పది మీటర్లు. అందుకే రెండో సెన్సార్ తిన్నె దగ్గరే ఉండాలి. అది గాలి పీడనాన్ని కూడా కలిపి కొలిచే రకమైతే ఆ మేరకు సవరించాలి. ఒక మిల్లీబార్ తేడా దాదాపు ఒక సెంటీమీటరు నీటితో సమానం.

సమస్య: తగ్గించే మెగావాట్లు అవే, ఒకరోజు ఏమీ ఉండదు, ఇంకోరోజు గుట్టలుగా చేపలు

అసలు కిటుకంతా ఇక్కడే ఉంది. నది నిండుగా ఉన్నప్పుడు కొంత తగ్గినా నేల పెద్దగా బయటపడదు. ప్రవాహం ఒక స్థాయికి దిగాక, ఆ తర్వాతి కాస్త తగ్గుదలకే తిన్నెలు తేలతాయి, పక్క పాయలు తెగిపోతాయి. ఆ స్థాయిని కంప్యూటర్ మోడల్ కొంతవరకే చెబుతుంది. వేర్వేరు ప్రవాహాల్లో గట్టు వెంబడి నడిచి, ఏ పాయ ఎప్పుడు తెగుతోందో గుర్తులు పెట్టుకోవాల్సిందే. ఆపరేటర్‌కు ఇవ్వాల్సిన నియమం కూడా దానికి తగ్గట్టే ఉండాలి: పైన కాస్త వేగం, ఆ స్థాయి దగ్గర బాగా నెమ్మది. మొదలుపెట్టడానికి గంటకు 10 సెం.మీ. లోపు అనుకోవచ్చు, పిల్లలు కొత్తగా బయటికొచ్చే సీజన్‌లో అదీ ఎక్కువే.

వేళ కూడా ముఖ్యం. చలికాలం పగటిపూట సాల్మన్, ట్రౌట్ పిల్లలు రాళ్ల సందుల్లో దాక్కుంటాయి, నీరు తీస్తున్నా కదలవు. అందుకే చలికాలంలో చీకటి పడ్డాక తగ్గిస్తే నష్టం తక్కువని నార్వే ప్రయోగాల్లో తేలింది. మీ నదిలో వేరే జాతులుంటే దీన్ని గుడ్డిగా పాటించకండి, ముందు వాటి అలవాట్లు చూడండి.

సమస్య: వెతికితే చచ్చిన చేపలు కనబడటం లేదు

కనబడకపోతే లేవని కాదు. కాకులు, కొంగలు మీకంటే ముందే వస్తాయి. చిన్న పిల్లలు రాళ్ల కిందే ఉండిపోతాయి. నీరు తీసిన వెంటనే వెళ్లండి, కొలిచిన గడుల్లో రాళ్లు తిప్పి చూడండి. వెతికేవాళ్లకు చెప్పకుండా, గుర్తు పెట్టిన చచ్చిన చేపలను ముందే అక్కడక్కడా ఉంచండి. 20లో 12 దొరికితే మీ చూపు 60 శాతం. అంటే దొరికిన లెక్కను 0.6తో భాగించాలి. ఈ పరీక్ష లేకుండా రాసిన 'సున్నా'ను నేనైతే నమ్మను.

సమస్య: యూనిట్ ట్రిప్ అయి (టర్బైన్ ఉన్నట్టుండి దానంతటదే ఆగిపోయి) నీరు ఒక్కసారిగా ఆగిపోయింది

నెమ్మదిగా తగ్గించాలన్న నియమం ఇక్కడ పనికిరాదు. టర్బైన్ ఆగగానే తెరుచుకుని, నీటిని దాని పక్క నుంచి దిగువకు వదిలే బైపాస్ వాల్వ్ ఉండాలి. అది లేకపోతే వేరే యూనిట్ నుంచో, ఆనకట్ట మిగులు నీరు వదిలే స్పిల్‌వే గేటు నుంచో నీరు ఎంతసేపట్లో దిగువకు చేరుతుందో ముందే కొలిచి పెట్టుకోవాలి. ట్రిప్ సిగ్నల్ కంట్రోల్ రూమ్‌తో పాటు ఫీల్డ్ సిబ్బంది ఫోన్లకూ వెళ్లాలి. నీరు తిరిగి వదిలేముందు నదిలో మనుషులు లేరని చూసుకుని సైరన్ వేయాలి.

ఈలోగా సిబ్బంది ముందు చూడాల్సింది లోతు తక్కువగా ఉండి, ఎండ తగిలే గుంటల్ని. అక్కడ నీరు త్వరగా వేడెక్కి ఆక్సిజన్ పడిపోతుంది. చేతులు తడుపుకుని చేపల్ని పట్టాలి, పెద్దవాటినీ పిల్లల్నీ ఒకే బకెట్‌లో వేయకూడదు. బకెట్ నీటికీ నది నీటికీ వేడిలో బాగా తేడా ఉంటే, నది నీరు కొంచెం కొంచెంగా కలుపుతూ అలవాటు చేశాకే వదలాలి.